పొగాకు నీళ్లు

గాంధీగారు చనిపోయిన ఏడాది ఎండాకాలంలో ఐరాల ఊరి బావులన్నీ అడుగంటాయి. ఒకరోజు సాయంత్రం కూలి నుంచి వచ్చిన సంతోషమ్మకు, పెంపుడు కుక్క నోట నురగతో వాకిట్లో చచ్చిపడి కనిపించింది.

పిల్లలు లేని ఆ ఇంట్లో బిడ్డలా తిరిగిన కుక్క అది. చెవుల నిండా పిడుదులు పట్టి రక్తం పీలుస్తున్నాయని, ఉదయం పనికి పోయేముందు పొగాకు కాచిన నీళ్లు దాని ఒళ్లంతా పూసింది ఆమే. అది ఆ ఒళ్లు నాక్కుని ఉంటుంది.

"నా చేతులారా చంపుకుంటినే!" అని నెత్తి కొట్టుకుంది.

"ఎండదెబ్బ తగిలింటాదిలే. నీ తప్పేముండాది?" అన్నాడు మొగుడు రాజారత్నం, ఆమె వైపు చూడకుండా.

ఆరు రోజులు సంతోషమ్మ సరిగ్గా ముద్ద ముట్టలేదు. "మందు చిక్కగా కాచినానేమో, పాపిష్టిదాన్ని" అని ఒకటే మాట. అది విన్నప్పుడల్లా రాజారత్నం సంగటి సగంలో వదిలేసి లేచిపోయేవాడు.

చివరికి ఆమె పక్కన కూలబడ్డాడు.

"నీ తప్పు కాదమ్మే. గంట ఆగి దాన్ని కడగమని కడివెడు నీళ్లు పెట్టిపోతివే, ఉక్కకు తాళలేక అవి నేను పోసుకున్నాను. దాన్ని కడగనే లేదు."

సంతోషమ్మ కళ్లు తుడుచుకుంది.

"నాకు తెలుసు. పూడ్చేటప్పుడు సూసినాను. దాని ఒంటిమీద పొగాకు మరక అట్లే ఎండి ఉండె."

"తెలిసీ ఇన్నాళ్లూ నిన్ను నువ్వే తిట్టుకుంటివా?"

"నువ్వెప్పుడు నోరు తెరుస్తావా అని ఎదురు సూస్తా ఉండాను."