తొమ్మిదింటి కారు

ఆదివారం పొద్దున ఎనిమిది కావస్తోంది. ఫూల్‌సింగ్ ఇంకా కారు బానెట్ కింద తల దూర్చుకునే ఉన్నాడు.

త్రిపురారం దగ్గరి ఆ తండాలో కారున్నది ఆయనొక్కడికే. వచ్చే నెల సర్పంచి ఎన్నికల్లో నిలబడుతున్నదీ ఆయనే. ఎదురు నిలబడింది హర్యా. హర్యాకు ట్రాక్టరుంది.

పోయిన ఆదివారం ఫూల్‌సింగ్ పరువు సగంలోనే పోయింది. కారులో బ్యాటరీకి కరెంటెక్కించే ఆల్టర్నేటర్ కాలిపోయి, బ్యాటరీ దిగిపోయి, తండా అంతా దేవుడి ముఖం సరిగా చూడకుండానే ఇంటిదారి పట్టింది. ఆ సాయంత్రమే హర్యా గడపగడపకూ తిరిగి, వచ్చేవారం నా ట్రాక్టరు దగ్గరికి రండని చెప్పిపోయాడు. ఓట్ల మాట ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు కూడా.

మిర్యాలగూడ మెకానిక్ బుధవారం దాకా కుదరదన్నాడు. ఫూల్‌సింగ్ పాత సామాన్ల షాపులో ఓ సెకండ్‌హ్యాండ్ ఆల్టర్నేటర్ కొన్నాడు. ఎలా బిగించాలో అక్కడే అడిగి తెలుసుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

పాతది విప్పడానికే గంట పట్టింది. బ్యాటరీ వైరు తీయకుండా పానా పెట్టేసరికి, అందులో మిగిలిన కాస్త ప్రాణంలో సగం నిప్పురవ్వలై ఎగిరింది. ఆయన రెండడుగులు వెనక్కి దూకాడు. చూస్తున్నవాళ్లు అదీ పనిలో భాగమేననుకుని తలలూపారు. భార్య జమ్లీ మాత్రం ఊపలేదు.

"ముందుగాల ఆ వైరు తియ్యమని షాపాయన చెప్పలేదా?"

"చెప్పిండు. నువ్వు జర గమ్మునుండు."

అప్పటికే జనం దిగబడ్డారు. తలస్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టి, కొబ్బరికాయలూ అగరుబత్తులూ పట్టుకుని డెబ్బై మంది. అందర్నీ పిలిచింది ఫూల్‌సింగే. ఓట్ల కోసం మాటిచ్చేవాడు చోటుందా లేదా అని చూసుకోడు. ముందు చోటు నాదంటే నాదని ఒక వదినా మరదలూ అప్పుడే మాటామాటా అనుకుంటున్నారు.

ముసలి భూలి కర్ర పోటేసుకుంటూ దగ్గరికొచ్చింది.

"ఈసారన్న ఆఖరి దాకా నడుస్తదా బిడ్డా? నడవదంటే ఇప్పుడే చెప్పు. ఆలస్యమైతే హర్యా తాన జాగ దొరకదు."

ఫూల్‌సింగ్ మనసులోనే లెక్కేసుకున్నాడు. ఈవిడ కదిలితే నలుగురు కొడుకులూ నలుగురు కోడళ్లూ వెంట కదులుతారు. ఈవిడతో కలిపి తొమ్మిది ఓట్లు.

"నడవకుంటే నా పేరు మార్చు పెద్దమ్మా" అన్నాడు. మళ్లీ బానెట్ కిందికి వంగాడు.

తెచ్చిన ఆల్టర్నేటర్‌ను పాతదాని చోట కూర్చోబెట్టి బోల్టులు బిగించాడు. బెల్టు తొడిగి బొటనవేలితో నొక్కి చూశాడు. వైర్లు తగిలించాడు. బ్యాటరీలో సత్తువ లేదు గనక హ్యాండిల్ పెట్టి తిప్పాల్సి వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు నలుగురు తిప్పారు. కారు దగ్గింది, తుమ్మింది, చివరికి గుర్రుమంది. లోపల చార్జింగ్ తాలూకు ఎర్ర దీపం ఇంకా మినుకుమంటూనే ఉంది. ఫూల్‌సింగ్ యాక్సిలరేటర్ అదిమాడు.

దీపం ఆరిపోయింది. బ్యాటరీకి కరెంటు ఎక్కుతోంది.

పిల్లలు ఈలలేశారు. భూలి కొబ్బరికాయను కారు బంపరుకే కొట్టేసింది. ఈలోగా హర్యా ఇంటివైపు బయల్దేరిన పదిమందీ దారిలోంచి వెనక్కొచ్చారు. తొమ్మిదికి ఇంకా ఐదు నిమిషాలుంది. ఫూల్‌సింగ్ నుదుటి మీది గ్రీజు తుడుచుకుని, అప్పుడే గెలిచినట్టు చెయ్యెత్తి అందర్నీ కూర్చోమన్నాడు.

కరెంటు ఇంకా రాని ఆ తండాలో, తొమ్మిదింటి దేవుడి సీరియల్ కోసం జమ్లీ ఇంట్లోంచి టీవీని ఎత్తుకొచ్చి టాపు మీద పెట్టి, చక్రాల్లేక నాలుగేళ్లుగా బండరాళ్ల మీదే ఉన్న ఆ కారు బ్యాటరీకి దాని వైరు తగిలించింది.