ఎండుగడ్డి మీద ఎర్రగీత

"ఒక్క నిమిషం ఆగండి, పెద్దాయనా."

డెల్మర్ రైఫిల్ కిందికి దించి వెనక్కి చూశాడు.

ఎవరో ఆడమనిషి. అరవై ఏళ్లుంటాయి. మాసిన టోపీ, మోకాళ్ల దాకా బూట్లు. వెనకాల ఆమె పికప్ బండి, దానిమీద నీళ్ల ట్యాంకు.

ఫైర్ ఆఫీసు మనిషి కాబోలు అనుకున్నాడు డెల్మర్. ఆగస్టు వస్తే చాలు, ఐడహో కొండల్లో తుపాకీ పట్టిన ప్రతివాడి నెత్తినా కూర్చుంటారు వాళ్లు.

"తూటాలు మీరే నింపుకున్నారా?"

"నలభై ఏళ్లుగా నేనే నింపుకుంటున్నా. షాపు సరుకు ముట్టను."

"తూటాల కొసన బిగించిన గుండ్లు ఎక్కడివి?"

"మిలిటరీ వాళ్లు వద్దనుకున్న పాత తూటాల్లోంచి పీకినవి. సంచీ లెక్కన అమ్మితే తెచ్చా. తోమి తోమి బంగారంలా చేశా."

"మొనలకి రంగుండేదా?"

"కొన్నిటికి ఏదో ఎర్రగా ఉండేది. వదలగొట్టా."

ఆమె మొహం మారిపోయింది.

"అవి ట్రేసర్లయ్యా. పోయే దారంతా మండుతూ పోతాయి. ఇవాళ కాల్చకండి. గడ్డి చూడండి ఎలా ఉందో."

"నాకు గుండు గురించి చెప్పొచ్చావా తల్లీ! నువ్వు పుట్టకముందు..."

"నేను పుట్టేసరికి మీకు పదేళ్లుంటాయేమో."

డెల్మర్‌కి ఒళ్లు మండింది. పంతానికి ఎదురుగా ఉన్న మట్టికట్టకి గురిపెట్టి కొట్టాడు. ఏమీ కాలేదు. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"చూశావా?" అన్నాడు.

ఆమె అక్కడ లేదు. బండి దగ్గర నీళ్ల పైపు చుట్ట విప్పుతోంది.

"పనీపాటా లేని మనిషి," అని నవ్వుకుంటూ నాలుగోది పేల్చాడు.

ఎర్రటి గీత ఒకటి సర్రున పోయి మట్టికట్టకి తగిలి, పైకి ఎగిరి, వాలులో పడింది.

గుప్పున అంటుకుంది గడ్డి.

గాలి కిందికి వీస్తోంది. కింద అతని చెల్లెలు ఆర్డిత్ ఇల్లు. మోకాలికి ఆపరేషనై వారం. మంచం దిగలేదు.

"ఆర్డిత్!" అని అరిచాడు.

"బండిలో పార ఉంది, తీసుకోండి! నిప్పుకి ఎదురెళ్లకండి, పక్కనుంచి రండి! మట్టి కొట్టండి, మట్టి!"

ఆమె అప్పటికే పైపుతో వాలు సగం దిగిపోయింది.

ఇరవై నిమిషాలు. ఇంటి కంచెకి పది గజాల అవతల ఆఖరి మంట ఆరింది.

కిటికీలోంచి ఆర్డిత్ కేకేసింది. "ఒరే అన్నయ్యా, ఏం తగలబెడుతున్నావురా అక్కడ?"

ఆ తిట్టు విన్నాక గానీ డెల్మర్‌కి ఊపిరి రాలేదు. ఉన్నచోటే బూడిదలో కూలబడి, పిచ్చివాడిలా నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు.

"కేసు రాస్తావా అమ్మా?"

"రాసే కాగితం నా దగ్గర లేదు. మిగిలినవి ఇచ్చేయండి, చాలు."

తూటాల పెట్టె, గుండ్ల సంచీ రెండూ ఆమె చేతిలో పెట్టాడు.

"మీకు అదృష్టముంది," అంది ఆమె, మసి తుడుచుకుంటూ.

అతను లేచి నిలబడేలోపు బండి మలుపు తిరిగిపోయింది. పేరైనా అడగలేదు.

మర్నాడు ఆర్డిత్ మంచంమీంచే పురమాయించి చేయించిన హకిల్‌బెర్రీ పళ్ల తీపి రొట్టె పట్టుకుని ఫైర్ స్టేషన్‌కి వెళ్లాడు డెల్మర్. చీఫ్ రూబెన్ ముందు పెట్టాడు.

"మీ ఇన్‌స్పెక్టరమ్మకి ఇది నా తరఫున ఇవ్వు రూబెన్. నోటికొచ్చినట్టు మాట్లాడాను. కాళ్లు పట్టుకున్నా తప్పులేదు."

"మా దగ్గర ఇన్‌స్పెక్టరమ్మ ఎవరూ లేరే."

"అదేంటయ్యా! నీళ్ల ట్యాంకు బండి, మాసిన టోపీ..."

రూబెన్ టోపీ తీసి బల్లమీద పెట్టాడు.

"ఆవిడా! వేసవంతా ఒక్కో కొండకీ సొంత ఖర్చుతో తిరుగుతుంది," అన్నాడు నెమ్మదిగా. "పదహారేళ్ల కింద కెటిల్ లోయలో ఒక్క ట్రేసర్ గుండుకి ఇరవై మూడు ఇళ్లు బూడిదయ్యాయి కదా డెల్మర్, ఆ గుండు పేల్చింది ఆవిడే."