గేటు కాడ పది మంది

ముఖ్యమంత్రి వరంగల్ వచ్చే రోజు తెల్లవారకముందే పోలీసు జీపు వచ్చి హైదర్ ఇంటి ముందు ఆగుతుంది. ఆయన ప్రతిపక్షంలో ఉన్న ఈ పన్నెండేళ్లలో ముందస్తు అరెస్టు ఒక్కసారి కూడా తప్పలేదు.

ఈసారీ ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పార్టీ కండువా కప్పుకుని కూర్చున్నాడు. అలవాటు ప్రకారం భార్య అనీస్ బేగం పోలీసులకని పెద్ద గిన్నెలో చాయ్ పెట్టింది.

ఎనిమిది దాటింది. జీపు రాలేదు. ఉండబట్టలేక హైదరే ఎస్సైకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

“ఏం ఎస్సై గారూ, ఈసారి మమ్మల్ని మరిచిపోయిండ్రా?”

“లేదు సార్. లిస్టుల మీ పేరుండె. మంత్రిగారి ఆఫీసు నుంచి చెప్పి తీసేపిచ్చిండ్రు. వచ్చే వారం మీరు వాళ్ల పార్టీలనే చేరుతాండ్రట గద.”

అనీస్ బేగం పొయ్యి ఆర్పేసింది. మంత్రిని కలిసిన సంగతి హైదర్ ఆమెకు కూడా చెప్పలేదు. చివరిసారిగా ఇంకొక్కసారి అరెస్టయితే ఎవరికీ అనుమానం రాదనుకున్నాడు.

ఫోన్ పెట్టగానే మళ్లీ మోగింది. నెక్కొండ మండలంలోని తమ పార్టీ కార్యకర్త.

“అన్నా, నన్ను ఐదింటికే స్టేషన్‌కు తెచ్చిండ్రు. నా గురించి ఫికర్ చెయ్యకు. నిన్నేడ పెట్టిండ్రు?”

హైదర్ కిటికీలోంచి ఖాళీ వీధిని చూశాడు.

“ఇంట్లనే తమ్మీ. బయట అడుగు పెట్టనిస్తలేరు. గేటు కాడ పది మంది ఉన్నరు.”