కొత్త సెల్

ఆ రాత్రి ఇంటి ముందు కారు ఆపి, గేటు తీద్దామని ఆమె దిగగానే తలుపులు వాటంతటవే లాకయ్యాయి. వెనక సీట్లో రెండేళ్ల పాప నిద్రపోతోంది. సాయంత్రమే రిమోట్ తాళంలో కొత్త సెల్ వేసింది. ఇప్పుడు ఎంత నొక్కినా కారు ఉలకదు, పలకదు. వీధిలో నరమానవుడు లేడు. మెకానిక్ అయిన అక్క మొగుడికి ఫోన్ చేసింది.

“సెల్ బోర్లా పడుకోబెట్టుంటావు మరదలా,” అన్నారాయన ఆవలిస్తూ. “విప్పి, ప్లస్ గుర్తు పైకి తిప్పు.”

“పాప లోపలుంది బావగారూ! చేతులు వణికిపోతున్నాయి.”

“వణికితే వణకనీ, కింద మాత్రం పడెయ్యకు.”

గోటితో మూత లేపగానే సెల్ జారి, దొర్లుకుంటూ పోయి మురుగుకాలవలో పడింది.

అప్పుడు కారు కుయ్‌మంది. లైట్లు ఒకసారి వెలిగి ఆరాయి. లాక్ తెరుచుకుంది.

“విన్నాలే, విన్నాలే!” బావగారు పకపకా నవ్వారు. “ఇప్పటికైనా నేను మెకానిక్‌నని ఒప్పుకుంటావా?”

ఆమె అరచేతిలో తాళం రెండు ఖాళీ చిప్పలుగా ఉంది. ఒక్క ఉదుటున తలుపు అందుకోబోయేలోపే లాక్ మళ్లీ టక్కున పడింది. అద్దంలోంచి చూసింది. పాప లేచి కూర్చుంది. తల్లివైపు తిరగనైనా లేదు. ముందున్న ఖాళీ డ్రైవరు సీటుకేసి నవ్వుతూ, ఎత్తుకోమని రెండు చేతులూ చాచింది.