అలసటకు మార్కులు

“ఆయన తన పనులు తాను చేసుకోగలుగుతున్నారా?” కాగితం మీద పెన్ను ఆనించి అడిగింది కొత్తగా చేరిన కౌన్సెలర్ అమ్మాయి.

“మంచినీళ్ల గ్లాసు కూడా నేనే అందించాలి,” అంది ఇల్లాలు.

భర్తను రక్తపరీక్షకు లోపలికి పంపి, ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుందామె. ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవాళ్లను కనిపెట్టుకుని ఉండే ఇంటివాళ్లు ఎంత అలసిపోయారో మార్కులు వెయ్యడం ఆ అమ్మాయి పని. ముప్పై దాటితే, ఆస్పత్రివాళ్లే ఒక అటెండెంటును వారం రోజులు ఇంటికి పంపుతారు. చదువుకునే రోజుల్లో కూడా ఇల్లాలికి మార్కుల మీద ఇంత ఆశ లేదు.

“తిండి?”

“వేడిగా పెడితే నోరు కాలిందంటారు. చల్లార్చి పెడితే ఇదీ ఒక తిండేనా అంటారు. నిన్న ఉప్పు తగ్గిందని కంచం అవతలికి నెట్టేశారు.”

“రుచి తెలియదమ్మా వాళ్లకి. మామూలే. చిరాకు పడతారా?”

“వాళ్ల చెల్లెలు ఫోన్ చేసిన రోజు మరీను. ‘మా అన్నయ్య చిక్కిపోయాడు, సరిగ్గా చూసుకుంటున్నావా వదినా’ అంటుంది.”

“ఆవిడ వచ్చి సాయం చేస్తారా?”

“సలహాలిస్తుంది. రెండు పూటలా.”

అమ్మాయి ఇంకో నాలుగు మార్కులు వేసింది. “మతిమరుపు?”

“దండెం మీది తువ్వాలు ముక్కుకు తగులుతూనే ఉంటుంది. తువ్వాలేదీ అని కేకేస్తారు.”

“మందుల ప్రభావం. మీకు నిద్ర పడుతోందా?”

“ఫ్యాను పెంచమనడానికీ తగ్గించమనడానికీ మధ్యలో పడుతుంది.”

“చివరిసారి మీకోసం మీరు ఎక్కడికైనా వెళ్లిందెప్పుడు?”



“అక్క రమ్మంటోంది. దాని మోకాలికి ఆపరేషనైతే చూడ్డానికైనా వెళ్లలేకపోయాను. ఈయన్ని ఎవరిమీద వదిలి వెళ్లను?”

ఆ అమ్మాయి తలెత్తకుండా ఐదుకి ఐదూ వేసేసింది.

ఇంతలో గది గుమ్మంలోంచి కేక. “ఏమోయ్! ఈ దూది ఎక్కడ పారెయ్యాలి?”

చెత్తబుట్ట ఆయన మోకాలికి ఆనుకుని ఉంది.

“పాపం, ఇంకా తేరుకోలేదు,” అంది అమ్మాయి జాలిగా.

“తేరుకుంటారంటావా?”

“ఎందుకు తేరుకోరమ్మా! ఆర్నెల్లు ఓపిక పట్టండి. తన పనులు తనే చేసుకుంటారు. మీకు వంటలో సాయం కూడా చేస్తారు, చూడండి.”

ఈ పిల్లకు ఇంకా పెళ్లి కాలేదని ఇల్లాలికి అర్థమైపోయింది.

“మొత్తం ముప్పై ఎనిమిది! ఇంత ఎవరికీ రాలేదు. సోమవారం పొద్దున్నే మా మనిషి వస్తాడు. మీరు నిశ్చింతగా అక్కయ్యగారింటికి వెళ్లిరండి.”

ఇల్లాలి కళ్లు చెమర్చాయి. మనసులో అప్పుడే రెండు చీరలు మడతపెట్టి సంచిలో సర్దేసింది కూడా.

“ఒక్క గడి మిగిలిందమ్మా. మజ్జ మార్పిడి అయి ఎన్ని రోజులైంది?”

“రోజులంటే చెప్పలేను,” అని ఇల్లాలు వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

“పోయిన నెలకి పదకొండేళ్లు.”