డొల్ల మోగిన కప్పు

బిగించడానికి తెచ్చిన సోలార్ పలక గడ్డపార దెబ్బకు భళ్లున పగిలింది. ఎగిరొచ్చిన పెంకు భూపాల్ నుదుటిని కోసింది.

"మేం తవ్విన బొగ్గు మీద పన్నేసి, గా పైసలతోని ఢిల్లీ సర్కారు గీ అద్దాలు పెట్టిస్తదా?" మొగిలి బామ్మర్ది భూపాల్‌ను గొంతు పట్టి గోడకు అదిమాడు. "నా బొగ్గుబాయి మూపిచ్చే సామాను నా ఇంట్లకే తెస్తవురా?"

"పొగతోని లోకం ఉడుకుతున్నది బావా! దేశాలు బొగ్గు తగ్గించకుంటే ఎట్ల?"

"ముందుగాల నిన్ను తగ్గిస్త!"

"నా తమ్మున్ని చంపకయ్యా!" వాకిట్లోంచి యమున కేక పెట్టింది.

మొగిలి గడ్డపార పైకెత్తాడు. దాని మొన ఇంటి కప్పుకు తగిలి డబ్బుమని మోగింది.

అతని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. బాయిలో దిగగానే కప్పును కొట్టి చూడటం పాత అలవాటు. గట్టి కప్పు ఖంగుమంటుంది. ఇది డొల్ల. పక్కనున్న ఓపెన్‌కాస్టు గని పేలుళ్లకు రోజూ అదిరి అదిరి లోలోపలే పగిలిపోయింది.

భూపాల్‌ను జుట్టు పట్టి వాకిట్లోకి విసిరేసి, వెనకే తానూ దూకాడు. వాళ్లు నిలబడ్డ చోటనే కప్పు కూలింది.

దుమ్ములో దగ్గుతూ భూపాల్ అడిగాడు. "చంపవోయినవ్ గదా బావా, మరెందుకు గుంజినవ్?"

"కప్పు డొల్ల మోగినంక కింద నిలబడి కొట్లాడరురా. బయటికొస్తరు."

అంతలో ఓపెన్‌కాస్టులో మళ్లీ మందు పేలింది. కాళ్లకింద నేల వణికింది. మొగిలి అటు తిరిగాడు. చేతిలోంచి గడ్డపార జారిపోయింది.

"మా బొగ్గు బతుకు సుత డొల్లనే మోగుతున్నదిరా," అన్నాడు.