పరమేశ్వర్ ఆఖరి మాట

ఎవరో ముసలామె గుంపును తోసుకుంటూ వచ్చి నిఖిత చేయి పట్టుకుంది.

"ఆ బక్కోడు పానం పోయే ముందు నీకో మాట జెప్పమన్నడు బిడ్డా!" అంది, గట్టు మీదున్న వాళ్లందరికీ వినపడేంత గట్టిగా.

అందరూ తిరిగి చూశారు.

ఎడపల్లి దగ్గర చెరుకు తోట గట్టు అది. నిరుడు ఆ తోటలోనే రాజారాం, పరమేశ్వర్ నడుపుతున్న చిన్న విమానం కూలింది. గుడ్డ రెక్కలు, వెనక ఒక ఇంజను, ఇద్దరికే చోటు. సెలవు రోజుల్లో అలాంటి విమానాల్లో సరదాగా ఎగిరే నిజామాబాద్ మిత్రులు వాళ్లంతా. ఏడాది తిరిగిందని ఇవాళ వచ్చి, ఇద్దరి ఫొటోలకూ దండలు వేస్తున్నారు.

ఆ రోజు ముందుగా ఎగిరింది నిఖితే. పైనుంచి రేడియోలో పిలిచిందీ ఆమే.

"గాలి మంచిగుంది, రండి!"

వాళ్లు వచ్చారు. గాలి తిరగబడింది.

అప్పటినుంచి నిఖిత మళ్లీ విమానం ఎక్కలేదు. కంటినిండా నిద్రపోనూ లేదు.

"ఏం జెప్పిండు అవ్వా?"

"చెల్లె తప్పేం లేదన్నడు. ఏడ్వద్దన్నడు."

ఇద్దరిలో బక్కగా ఉండేది పరమేశ్వరే. అయినా నిఖితకు అయోమయంగా అనిపించింది. పరమేశ్వర్ తనను ఏనాడూ చెల్లె అనలేదు. ఎప్పుడూ 'కెప్టెన్ మేడం' అని ఆటపట్టించేవాడు.

"చెల్లె అన్నడా? నా పేరు తీసిండా అవ్వా?"

"తాగు బిడ్డా, సల్లటి నీళ్లు" అంటూ చెంబు అందించింది ముసలామె.

"అది కాదవ్వా, ఇంకేమన్న అన్నడా?"

ముసలామె ఆమె తల నిమిరి, కొడవలి చంకన పెట్టుకుని చెరుకుల్లోకి వెళ్లిపోయింది.

"ఈమె ఎవరు అన్నా?" అడిగింది నిఖిత.

"ఈరవ్వ. ఈ తోటల్నే పనిచేస్తది" అన్నాడు వాళ్లలో పెద్దవాడైన ఎర్రన్న. "విమానం కూలంగనే అందరికంటె ముందు ఉరికింది ఈమెనే. రాజారాం అప్పటికే పోయిండు. పరమేశ్వర్ తల ఒళ్లె పెట్టుకోని కూసుందట. కని ఆమె మాటలు పట్టించుకోకు. ఒకటి అడిగితె ఇంకోటి జెప్తది. జెర తిక్కమనిషి."

నిఖితకు ఏదీ అంతుపట్టలేదు. ఆ మాట నిజమేనా? నిజమైతే, ఎన్నడూ లేని చెల్లె ఎక్కడినుంచి వచ్చింది? ప్రాణం పోయేటప్పుడు మనిషి పిలుపు మారుతుందా?

నమ్మలేకపోయింది. అయినా ఇంటికి పోయి పడుకుంటే, చాలా కాలానికి నిద్ర పట్టింది.

ఆ చలికాలంలోనే మళ్లీ ఎగిరింది. బోధన్ వైపు చెరుకు తోటల మీదుగా పోతూ, కింద పనిచేసే ఆడవాళ్లు కనిపిస్తే చెయ్యి ఊపింది.

మరుసటి ఏడు దండలు వేసే రోజున ఈరవ్వ రాలేదు.

నిఖిత ఆమె కోసం చీర తెచ్చింది. నిదానంగా పక్కన కూర్చుని, ఆ మాట మళ్లీ ఒక్కసారి అడగాలనుకుంది. ఇల్లు ఎక్కడో కనుక్కుంటూ వెళ్లింది.

వాకిట్లో వడ్లు ఎండబోస్తున్న కోడలు హన్మవ్వ తలెత్తింది.

"అత్త లేదక్కా. వానకాలంల జొరమొచ్చి పోయింది."

నిఖిత చేతిలోని చీరను గడప మీద పెట్టింది.

"ఇమానం నడిపే అక్కవు నువ్వేనా?" అడిగింది హన్మవ్వ. "మా అత్త ఎప్పుడు నీ ముచ్చటనే జెప్పేది. ఇమానం కూలిన దినం నువ్వు చెరుకులల్ల పడి గుండెలు బాదుకుంటుంటె సూడలేకపోయిన అనేది."

నిఖిత కళ్లు తుడుచుకుంది.

"ఆమెను ఒక్కటి అడుగుదామని వచ్చిన. మా పరమేశ్వర్ ఆఖరి మాట విన్నది ఆమె ఒక్కతే."

హన్మవ్వ వడ్లు పరచడం ఆపి, అర్థం కానట్టు ఆమె ముఖంలోకి చూసింది.

"ఇన్నదా? నేను కాపురానికి రాకముందు నుంచే మా అత్తకు రెండు చెవులూ ఇనబడవు గదక్కా!"